గోదావరి పుట్టినింట సైకిళ్ల మీద

గోదావరి అనగానే మన ఇళ్లలో పెద్దలకు రాజమహేంద్రవరం రేవో, ధవళేశ్వరం ఆనకట్టో, యానాం ప్రక్కన పారే గౌతమీ పాయో జ్ఞాపకం వస్తుంది. మనం పొట్ట చేతపట్టుకొని వచ్చిన ఈ మహారాష్ట్రంలోనే ఆ నది పుట్టినదన్న సంగతి మాత్రం పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక పంక్తిగా మిగిలిపోయినది. క్రిందటి చలికాలంలో మన సంఘం వాళ్లం నలుగురం త్ర్యంబకం మొదలుకొని నాసిక్ మీదుగా నాందూర్ మధ్యమేశ్వరం వరకు ఏటి వెంట సైకిళ్ల మీద వెళ్లాము. దారి పొడుగునా ద్రాక్షతోటలు, తోటల నడుమ పాత ఊళ్లు.

సైకిలు ఎందుకని అడిగినవారు ఉన్నారు. రైలులో పోతే నాసిక్ రోడ్డు ప్లాటుఫారం కనిపిస్తుంది, కారులో పోతే గుడి ముందు పార్కింగు స్థలం కనిపిస్తుంది. శాసనాలలో పేర్కొన్న ఊళ్లు ఒకదానికొకటి ఎంత చేరువలో ఉన్నవో కాళ్లకు తెలియాలంటే తొక్కవలసినదే. ఆ మాటకొస్తే సైకిలు నాసిక్ వారికి క్రొత్త కాదు. ఆ ఊరి వైద్యులు హితేంద్ర, మహేంద్ర మహాజన్ సోదరులు 2015లో అమెరికాను ఈ తీరం నుండి ఆ తీరం దాకా సైకిలు మీద దాటే పందెంలో జంటగా పాల్గొని, తొమ్మిది రోజులు నిండకుండానే ముగించినారు. మేము పోయినది అందులో ఆవగింజంత దూరం.

త్ర్యంబకం వెనుక బ్రహ్మగిరి. అక్కడ నుండి పశ్చిమ సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. గోదావరి మాత్రం దగ్గరి సముద్రానికి వీపు త్రిప్పి, 1,465 కిలోమీటర్లు నడిచి మన కోనసీమ ప్రక్కన బంగాళాఖాతంలో కలుస్తున్నది. గౌతమ మహర్షి కథ ఇక్కడిదే. గౌతమి అన్న పేరు ఆ చివరి పాయదాకా వెంట వచ్చినది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు మనకు పుష్కరాలు, వీరికి సింహస్థ కుంభమేళా. 2015లో జూలై 14వ తేదీన రాజమహేంద్రవరంలో పుష్కర స్నానాలు మొదలైన నాడే త్ర్యంబకంలోనూ నాసిక్‌లోనూ కుంభమేళా ధ్వజం ఎత్తినారు. పంచాంగం ఒకటే, నది ఒకటే, ఎవరి ఘట్టం వారిది.

దారిలో అంజనేరి కొండ వచ్చినది. హనుమంతుడు పుట్టినది ఇక్కడేనని ఊరివారి నమ్మకం. హంపి దగ్గర అంజనాద్రి అని కన్నడిగులు అంటారు. మన తిరుమల దేవస్థానంవారు 2021లో తిరుమల అంజనాద్రి అని ప్రకటించినారు. మేము ఏ పక్షమూ పట్టక, నమస్కారం పెట్టి సైకిళ్లెక్కాము.

నాసిక్‌కు పడమట, 1965లో పూర్తయిన గంగాపూర్ ఆనకట్ట క్రింద, గోవర్ధన్ అనే చిన్న గ్రామం ఉన్నది. చుట్టూ ద్రాక్ష పందిళ్లు. సులా అనే కంపెనీవారి మొదటి వైను 2000లో వెలువడినది ఈ ప్రాంతం నుండే. వైనుకన్నా తినే ద్రాక్షే ఈ జిల్లాకు ఎక్కువ కూడు పెడుతున్నది. చలిదేశాలలో శీతకాలమంతా తీగ నిద్రపోతుంది. ఇక్కడ ఎండకు తీగకు నిద్ర పట్టదు గనుక రైతు ఏటా రెండుసార్లు కత్తెర వేస్తాడు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. జనవరి నుండి మార్చి దాకా కోత. అమెరికా జాతి మొక్క వేరు మీద థాంసన్ రకం కొమ్మను అంటుకడతారు. కోతకూ కత్తిరింపుకూ పేఠ్, సుర్గాణా కొండల నుండి గిరిజన కుటుంబాలు దిగి వచ్చి, పని తీరగానే తిరిగి వెళ్తాయి. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుప్రక్కల అనాబ్-ఎ-షాహి తోటలు ఇలాగే ఉండేవి. నగరం పెరిగి వాటిని మింగివేసినది.

గోవర్ధన్ పేరు గుర్తు పెట్టుకోవలసినది. నాసిక్‌కు దక్షిణాన బొంబాయి రోడ్డు ప్రక్కన త్రిరశ్మి కొండ ఉన్నది. దానినే పాండవలేణి అంటారు. పాండవులకూ దానికీ సంబంధం లేదు. అవి బౌద్ధ భిక్షువులు వానాకాలం తలదాచుకొన్న 24 గుహలు. సైకిళ్లు క్రింద పెట్టి మెట్లెక్కి చూస్తే గోడల నిండా బ్రాహ్మీ లిపిలో ప్రాకృత భాషలో శాసనాలు. అందులో సర్కారు కచేరి ఉన్న ఊరు ఈ గోవర్ధనమే.

పదవ గుహలో క్షహరాత రాజు నహపానుని అల్లుడు ఉషవదాతుని శాసనం ఉన్నది. అతడు భిక్షువుల బట్టల కోసం గోవర్ధనంలోని సాలెవారి శ్రేణులలో 3,000 కార్షాపణాలు మదుపు పెట్టినాడు. ఒక శ్రేణిలో 2,000, వడ్డీ నూటికి నెలకు ఒకటి, అంటే మన భాషలో రూపాయి వడ్డీ. మరొక శ్రేణిలో 1,000, ముప్పావలా వడ్డీ. అసలు ముట్టరాదు, వడ్డీ మాత్రమే వాడాలి. ఇరవైమంది భిక్షువులకు తలా పన్నెండు కార్షాపణాల బట్ట. లెక్క కట్టి చూసినాము. 2,000 మీద ఏడాదికి 240 వడ్డీ, ఇరవైని పన్నెండుతో గుణిస్తే 240. పైసా తేడా లేదు. షోలాపురం నుండి భివండి దాకా మగ్గం నమ్ముకొని వచ్చిన మన పద్మశాలి కుటుంబాలవారు ఈ గోడ ముందు ఒక్కసారి నిలబడాలి. రాజుగారి అల్లుడు తన సొమ్మును సాలెవారి దగ్గర దాచుకొన్న రోజులు ఉండేవి.

మూడవ గుహ శాతవాహనులది. నహపానుని ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి తన 18వ పాలనా సంవత్సరంలో వైజయంతి విజయ శిబిరం నుండి గోవర్ధనంలోని అమాత్యుడు విష్ణుపాలితునికి పంపిన ఆజ్ఞ అక్కడ ఉన్నది. కఖడి గ్రామంలో ఉషవదాతుడు అనుభవిస్తూ వచ్చిన పొలం 200 నివర్తనాలు ఇక భిక్షువులది. రాజోద్యోగులు అందులో అడుగు పెట్టరాదు, ఉప్పు కోసం త్రవ్వరాదు. నోటిమాటగా ఆజ్ఞ అందించిన అమాత్యుని పేరు శివగుప్తుడని కూడా వ్రాసినారు. ఆరేండ్లకు, 24వ ఏట, మరొక కాగితం, కాదు, మరొక రాతి ఉత్తర్వు. మునుపు ఇచ్చిన పొలం సాగులో లేదు, ఆ ఊరిలో జనం లేరు, కనుక పట్టణం పొలిమేరలో రాచపొలం నుండి 100 నివర్తనాలు బదులు ఇస్తున్నాము. ఈసారి రాజుతోపాటు రాజమాత కూడా ఆజ్ఞాపించినది. ఫైళ్ల మధ్య బ్రతికే మాకు ఇది చదివినప్పుడు, రెండువేల ఏండ్ల నాటి గుమాస్తా ఎదుట కూర్చొన్నట్లే ఉన్నది.

ఆ రాజమాత గౌతమీ బాలశ్రీ. మనుమడు వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ ఏట ఈ గుహను దానమిస్తూ, కుమారుని ఘనతను పొడుగాటి శాసనంగా చెక్కించినది. అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు త్రాగినవన్నమాట అందులోనిదే.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉన్నది. మన సభలలో ఎవరో ఒకరు లేచి, మహారాష్ట్రం ఒకప్పుడు మన ఆంధ్ర శాతవాహనులదే గదా అని చప్పట్లు కొట్టించుకోవడం పరిపాటి. వీరిని ఆంధ్రులన్నవి పురాణాలు. గుహలలో ఆ మాట లేదు. బాలశ్రీ తన కుమారుడు ఏలిన దేశాలను అస్మకం, ములకం, సౌరాష్ట్రం, అపరాంతం, విదర్భ అని వరుసగా చెప్పించినది. ఆ వరుసలో ఆంధ్రం లేదు. కొండల పేర్లలో మాత్రం మహేంద్రగిరి ఉన్నది. భాష ప్రాకృతం, తెలుగు కాదు. ఐతే మనకేమీ లేదని కాదు. ఏ పులుమావి పాలనలో ఈ గుహ దానమైనదో, ఆ పులుమావి పేరే కృష్ణ ఒడ్డున అమరావతి శాసనంలో ఉన్నది. మరాఠీ సోదరులు శాలివాహనుడు మా పైఠణు రాజు అంటారు, అదీ కాదనలేము. మనం నిజం మీద నిలబడితే మన పిల్లలు బడిలో ఎవరి ముందూ తడబడనక్కరలేదు.

నాసిక్ పట్టణంలో ఎక్కువసేపు ఆగలేదు. కాలారామ మందిరం ముందు మాత్రం దిగినాము; 1930 మార్చి 2న డాక్టర్ అంబేద్కర్ నాయకత్వాన ఆలయ ప్రవేశ సత్యాగ్రహం మొదలైనది ఆ వాకిట్లోనే.

దారణా నది గోదావరిలో కలిసేచోట జోగల్‌టెంభి అనే గ్రామం ఉన్నది. 1906లో అక్కడ భూమిలో 13,000 పైచిలుకు వెండి నాణేలు బయటపడినవి. అన్నీ నహపానునివి. అందులో 9,000 పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు వాటిని కరిగించకుండా తన ముద్ర మళ్లీ కొట్టించినాడు. చాలా వాటిలో క్రింది రాజు ముఖం చెరిగీ చెరగక కనిపిస్తూనే ఉన్నది. మన పండుగ సంవత్సరం లెక్కా అటువంటిదే. క్రీ.శ. 78లో మొదలైన ఈ కాలమానాన్ని తొలి శాసనాలు శకకాలమనే అన్నవి. బాదామిలో మొదటి పులకేశి శాసనం శకవర్షం 465 అంటున్నది. శాలివాహన అనే పేరు శతాబ్దాల తరువాత చేరినది. శాతవాహనులు ఓడించిన శకుల పేరూ శాతవాహనుల పేరూ ఒకే పంచాంగంలో ఉన్నవి, దానితోనే మనకు ఉగాది, ప్రక్కింటివారికి గుడీ పాడవా.

నిఫాడ్ దాటితే నేల నల్లబడి, చెరుకు, ద్రాక్ష ప్రక్కప్రక్కనే కనిపిస్తాయి. కాద్వా నది కలిసేచోట నాందూర్ మధ్యమేశ్వరం ఆనకట్ట ఉన్నది. దాని వెనుక నిలిచిన నీటికి చలికాలంలో దూరదేశపు పక్షులు వస్తాయి. 2020లో ఇది మహారాష్ట్రలో మొదటి రామ్‌సర్ చిత్తడినేల అయినది. ఇక్కడ కాలువలలోకి మళ్లగా మిగిలిన నీరు పైఠణు దగ్గర జాయక్‌వాడీకి చేరి, అక్కడ తలుపులు ఎత్తితే నాందేడ్ దాటి, మన బాసర ముందుకు వస్తుంది.

పైఠణు మేము ఇంకా చూడలేదు. వచ్చే చలికాలంలో నాందూర్ మధ్యమేశ్వరం నుండి అక్కడికి తొక్కాలని ఉన్నది. గేర్ల సైకిలే ఉండనక్కరలేదు, బ్రేకులు బాగుంటే చాలు. రాదలచినవారు దీపావళి లోపల సంఘ కార్యదర్శిగారి వద్ద పేరు నమోదు చేసికొనగలరు.