గుడిమల్కాపూర్ క్యాసెట్ దుకాణాలు

హైదరాబాద్‌లోని మా గుడిమల్కాపూర్ చరిత్ర రాసేవాళ్లు ఝాం సింగ్ బాలాజీ గుడితో మొదలుపెడతారు. నిజాం సికందర్ జా కాలంలో ఆశ్వికదళాధికారి ఝాం సింగ్ కట్టించిన ఆ గుడి పుస్తకాలకెక్కింది. మన గల్లీల్లో వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చిన దుకాణాలు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు.

1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. దానికి తగిలించి క్యాసెట్లు ఆడించే వీసీపీ కొనే స్తోమత అందరికీ లేదు. అందుకే టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి కిరాయికి తెచ్చేవాళ్లం. శివరాత్రి జాగారానికైతే గల్లీ అంతా చందా వేసుకునేది. వాకిట్లో చాపలు పరిచి, తెల్లారేదాకా సినిమా మీద సినిమా. బొమ్మ గీతలు కొడితే ట్రాకింగ్ తిప్పాలి, అప్పటికీ కుదరకపోతే హెడ్ తుడవాలి. ఆ పని తెలిసిన కుర్రాడికి ఆ రాత్రి మహా గౌరవం!

దుకాణాల్లో తెలుగు సినిమాలు ఒక అరలో, హిందీవి మరో అరలో ఉండేవి. ఎవరింటికి ఏ సినిమా నచ్చుతుందో దుకాణదారుకు తెలుసు. తర్వాత వీసీడీలు వచ్చాయి. 2005లో వచ్చిన ‘ది అంగ్రేజ్’ సినిమాను మన దక్కనీ మాట కోసం తెలుగిళ్లవాళ్లూ ఉర్దూ ఇళ్లవాళ్లూ మళ్లీ మళ్లీ తెచ్చుకున్నారు. అందులోని సలీం ఫేకూ పాత్ర డైలాగులు చాయ్ హోటళ్లలో చాలా కాలం నడిచాయి.

ఓటీటీలు ఈ దుకాణాలను మింగేశాయంటారు. మా దగ్గర అలా జరగలేదు. 1995లో జెమిని, ఈటీవీ ఛానళ్లు మొదలయ్యాక కేబుల్ కనెక్షన్ కిరాయి బేరాన్ని తగ్గించింది. వీసీడీ కొనడమే చవకయ్యాక అద్దెకు తెచ్చే అవసరం పోయింది. చివరి దెబ్బ మొబైల్ దుకాణాలది: నాలుగు డబ్బులిస్తే మెమరీ కార్డు నిండా సినిమాలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. 2016లో నెట్‌ఫ్లిక్స్, జియో వచ్చేనాటికే మా క్యాసెట్ దుకాణాలు రీచార్జ్, జిరాక్స్ షాపులైపోయాయి. 2020లో మొదలైన తెలుగు ఓటీటీ ‘ఆహా’ వాటిని చూడనే లేదు.

పోయినదాన్ని తలచుకుని బాధపడటం కంటే తొందరపడాల్సిన పని ఒకటుంది. అప్పటి పెళ్లి క్యాసెట్లు ఇంకా చాలా ఇళ్లలో అటకల మీదున్నాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ 2009లో మొదలయ్యాక మా అడ్రసులు పిల్లర్ నంబర్లతో చెప్పుకుంటున్నాం. ఆ పిల్లర్లు లేని రోడ్డు, పూల మార్కెట్ రాకముందటి గుడిమల్కాపూర్, ఇప్పుడు లేని ఇళ్లు, అన్నీ ఆ క్యాసెట్లలోని బరాత్‌ల వెనక కదులుతూ కనిపిస్తాయి. టేపుకు బూజు పడుతుంది. జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లోనే వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఆడించే మిషన్లు దొరుకుతున్నప్పుడే ఆ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఒక కాపీ బస్తీలో చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు కూడా ఇవ్వండి.