వీడియో కెమెరా క్రమాంకనం

వీడియోలో కనిపించే బిందువు స్థానాన్ని బట్టి అసలు వస్తువు ఏ దిశలో ఉందో లెక్కగట్టాలంటే ఆ కెమెరాకు సంబంధించిన కొన్ని విలువలు ముందుగా తెలియాలి. వాటిని రాబట్టే ప్రక్రియే క్రమాంకనం. ఇంజనీర్ల వాడుకలో కాలిబ్రేషన్. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్), దృగక్షం (కటకం నడిమి అక్షం) చిత్రాన్ని తాకే చోటు, కటకం తెచ్చే వంకర వీటిలో ముఖ్యమైనవి. నాభ్యంతరం 1500 పిక్సెళ్లున్న కెమెరా 3 మీటర్ల దూరంలోని గోడను ఎదురుగా చూస్తుంటే ఒక్కో పిక్సెల్ 2 మిల్లీమీటర్లకు సమానం. చిత్రం అంచున కటకం 5 పిక్సెళ్లు పక్కకు నెడితే కొలత సెంటీమీటరు తప్పుతుంది. కంటికి ఆనని తేడాయే, కానీ యంత్రభాగాలు బిగించే రోబోకు అది చాలా పెద్దది.

ఫొటోలతో కొలవడం వీడియో కంటే ఎంతో పాత విద్య. 19వ శతాబ్దంలో ఫ్రెంచి సైనిక ఇంజనీరు లోస్దా పటాల కోసం, జర్మనీలో మైడెన్‌బవర్ పాత కట్టడాల కోసం దాన్ని వాడారు. ఆ సంప్రదాయం కొలతకోసమే కట్టిన ఖరీదైన కెమెరాలను నమ్ముకుంది. కటకాన్ని దాని లోపాలతోనే ఒప్పుకొని, వాటిని సమీకరణంలో పెట్టే ధోరణికి అమెరికాకు చెందిన డ్యువేన్ బ్రౌన్ బలమైన పునాది వేశాడు. 1971లో ఆయన వివరించిన పద్ధతికి కావలసింది బరువులు కట్టి వేలాడదీసిన దారాలు మాత్రమే. దారం తిన్నగా ఉందని తెలుసు కనుక, చిత్రంలో అది ఎంత వంగితే కటకం వంకర అంత.

వీడియో వచ్చాక చిక్కు కటకం దగ్గర ఆగలేదు. అప్పటి కెమెరాల్లోని విడికాన్ గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజం చిత్రాన్ని వరుసలుగా చదివేది. ఆ పుంజం దారి దృశ్యంలోని వెలుగును బట్టి కూడా కాస్త మారేది. అంటే ఒక చిత్రానికి కుదిరిన దిద్దుబాటు మరోదానికి కుదరకపోవచ్చు. అందుకే 1977లో బయలుదేరిన వాయేజర్ నౌకల కెమెరాల్లో 202 చొప్పున నల్లచుక్కలను గొట్టం ముఖం మీదే ముద్రించారు. చుక్కలు ఎటు జరిగాయో చూసి గ్రహాల చిత్రాలను సరిచేశారు.

తర్వాత వచ్చిన సీసీడీ సెన్సర్లలో గడులు స్థిరం కాబట్టి ఈ బాధ తీరింది, ఇంకొకటి మొదలైంది. కెమెరా పంపే అనలాగ్ సంకేతాన్ని కంప్యూటర్లోని ఫ్రేమ్ గ్రాబర్ తన సొంత గడియారంతో మళ్లీ ముక్కలు చేసేది. నిలువుగా వరుసల లెక్క సరిపోయినా, అడ్డంగా ఒక పిక్సెల్ సెన్సర్ మీద ఎంత వెడల్పో కచ్చితంగా చెప్పలేకపోయేవారు. ఐబీఎంలో పనిచేసిన రోజర్ త్సాయ్ 1987 వ్యాసంలో దాన్నీ ఒక అవ్యక్తరాశిగా తీసుకున్నాడు. అంతకన్నా తెలివైన మెలిక మరొకటి ఉంది. కటకం వంకర ప్రధానంగా బిందువును కేంద్రం నుంచి బయటికో లోపలికో జరుపుతుంది, దాని దిశను మార్చదు. కాబట్టి ముందు దిశలను మాత్రమే వాడి కెమెరా ఎటు తిరిగి ఉందో తేల్చి, నాభ్యంతరాన్నీ వంకరనూ రెండో అంచెలో లెక్కగట్టాడు. బజారులో దొరికే టీవీ కెమెరా కొలత పరికరమైంది ఇక్కడే.

అయినా కొలతలు కచ్చితంగా తెలిసిన లక్ష్యఫలకం అవసరం ఉండేది. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జెంగ్‌యో జాంగ్ 1998లో రాసి, 2000లో పత్రికలో ప్రచురించిన పద్ధతి దాన్ని కాగితానికి దించింది. ప్రింటరులో తీసిన గళ్ల నమూనాను చదునైన అట్టకు అంటించి, కనీసం రెండు కోణాల్లో చూపిస్తే చాలు. అట్టను ఎంత కదిపారో చెప్పనక్కర్లేదు. ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో చేరాక విద్యార్థుల ప్రాజెక్టుల్లోనూ ఇదే మొదటి మెట్టయింది. అట్ట వంగి ఉంటే మాత్రం ఫలితం నిశ్శబ్దంగా చెడుతుంది, ఈ జాగ్రత్తను చాలామంది పట్టించుకోరు.

ఇప్పటి ఫోన్ కెమెరాల్లో ఆటోఫోకస్ కటకాన్ని జరుపుతూ ఉంటుంది, చిత్రం కుదుపును ఆపే ఏర్పాటు దృగక్షం తాకే చోటునే మారుస్తుంది. చాలా ఫోన్లు సెన్సర్‌ను వరుస తర్వాత వరుసగా చదువుతాయి కనుక వేగంగా కదిలే వస్తువు ఒరిగినట్టు పడుతుంది. దీనికి వరుసల మధ్య కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొలతకు దిగేవారు ముందుగా ఫోకస్‌ను ఒకచోట బిగించి, కుదుపు ఏర్పాటును ఆపి, ఆ స్థితిలోనే గళ్ల అట్టను చూపిస్తారు. తర్వాత జూమ్ కదిపితే మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే.