కొందామా, బిగించుకుందామా?

మా ఇంటి కంప్యూటరు మొన్న శ్రావణ శుక్రవారం నాడు కన్ను మూసింది. పోతూ పోతూ నా నవలలో మూడు ప్రకరణాలు వెంట పట్టుకుపోయింది. ఇక మొదలైంది ఇంట్లో పంచాయితీ! "పేరున్న కంపెనీది కొనేద్దాం. చెడితే వాళ్ళే చూసుకుంటారు" అంటారు మావారు. "కాదు నాన్నా, విడిభాగాలు తెచ్చి నేనే బిగిస్తాను" అంటుంది ఇంటర్ చదివే మా అమ్మాయి.

నేనేమో బి.ఏ. దాన్ని. నాకు చేతనైంది చరిత్ర తిరగెయ్యడమే. చూద్దును కదా, ఈ తగువు ఇంటి కంప్యూటరుతో పాటే పుట్టింది!

1975 జనవరిలో అమెరికాలో 'పాప్యులర్ ఎలక్ట్రానిక్స్' పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. ఆల్బకర్కీలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన కంపెనీ దాన్ని అమ్మింది. యంత్రాన్ని కాదు సుమండీ, సుమారు 400 డాలర్లకి విడిభాగాల పెట్టెని! సోల్డరింగ్ చేసుకునే బాధ కొన్నవాళ్ళదే. బిగించింది కావాలంటే మరికాస్త డబ్బు. అంతా అయ్యాక చూస్తే తెర లేదు, కీబోర్డు లేదు. స్విచ్చులు పైకీ కిందికీ అంటే చిన్న దీపాలు వెలిగేవి. జ్ఞాపకశక్తి 256 బైట్లు. ఈ ఒక్క పేరా కూడా అందులో పట్టదు! అయినా వేలమంది ఎగబడి కొన్నారు.

మరుసటి ఏడాది స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్ అనే కుర్రాళ్ళిద్దరు ఆపిల్ యంత్రం చేశారు. "విడిభాగాలు నాకొద్దు, బిగించినవి యాభై ఇవ్వండి" అన్నాడు పాల్ టెరెల్ అనే దుకాణదారు. జాబ్స్ వాళ్ళింట్లోనే పని సాగింది. అట్టల్లో చిప్పులు గుచ్చినవాళ్ళలో ఎవరున్నారనుకున్నారు? జాబ్స్ చెల్లెలు! అట్టకి ఒక డాలరు కూలి. మనవాళ్ళు ఇంట్లో కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టడం లేదూ, అలాగన్నమాట. చరిత్రలో పేరు మాత్రం అన్నగారిదే.

సరే, 1981 ఆగస్టులో ఐబిఎం అంతటి సంస్థ పర్సనల్ కంప్యూటరు తెచ్చింది. అందులో ప్రాసెసర్ ఇంటెల్‌ది, నడిపించే ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్‌ది. అంటే అదీ బయటి భాగాలతో బిగించిందే! అందుకే ఇతరులూ అలాంటివి చెయ్యగలిగారు. ఆ దారే సాగి సాగి మన సికింద్రాబాద్ సీటీసీ దుకాణాల దాకా వచ్చింది.

ఇప్పుడు మీరే చెప్పండి. కొన్నా అది ఎవరో ఒకరు బిగించిందే. రెడీమేడ్‌లో మనం అదనంగా కొనుక్కునేది నిశ్చింత. చెడితే ఒకే గుమ్మం ఎక్కితే చాలు. బిగించుకుంటే ఒక్కో భాగానికి ఒక్కో రసీదు, ఒక్కో గ్యారంటీ. కానీ లోపల ఏముందో మనకి తెలుస్తుంది, పాడైన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు.

లెక్క సరిసమానంగానే ఉంది. అయినా నేను అమ్మాయి వైపే మొగ్గాను. ఎందుకంటారా? మా పుట్టింట్లో అన్నయ్య టేప్‌రికార్డరు విప్పితే "ఇంజనీరవుతాడు" అని మురిసిపోయారు. నేను స్క్రూడ్రైవరు ముట్టుకుంటే "ఆడపిల్లవి, నీకెందుకే?" అని లాక్కున్నారు. ఆ మూత లోపల ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

సీటీసీకి వెళ్ళి భాగాలు తెచ్చాం. ఆదివారం భోజనాల బల్ల మీదే బిగింపు. మొదటిసారి స్విచ్ వేస్తే తెర వెలగలేదు. మావారు గొంతు సవరించుకున్నారు. నా గుండె గుభేలుమంది. మా అమ్మాయి మాత్రం మూత తీసి, మెమొరీ అట్టని గట్టిగా అదిమింది. వెలిగింది!

"మళ్ళీ చెడితే ఎవరు చూస్తారే?" అన్నారు మావారు.

"ఈసారి అమ్మ చూస్తుంది" అంటూ స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టింది.