తైపింగ్ చెరువు నుండి పోర్ట్ వెల్డ్ రేవు వరకు

నేడు మన పిల్లలకు ప్రయాణమంటే కారు ప్రయాణమే. ఇంటి ముందు ఎక్కి, 1994లో పూర్తయిన ఉత్తర దక్షిణ రహదారిపై పోయి, హోటలు ముందు దిగుతారు. మధ్యలో ఏ ఊళ్ళు వచ్చాయో వారికి తెలియదు. మన తాతలకు ప్రయాణమంటే పడవ, రైలు, ఆపైన కాలినడక. వారి పద్ధతిలోనే ఒకసారి వెళ్ళి చూద్దామని మా నాలుగు కుటుంబాలవారము కార్లను ఇళ్ళవద్దనే వదిలి, పెరాక్ రాష్ట్రంలోని తైపింగుకు, అక్కడనుండి సముద్రపు ఒడ్డునున్న పోర్ట్ వెల్డుకు వెళ్ళివచ్చాము. ఆ రెండు ఊళ్ళ చరిత్రను, మేము చూచినదానిని ఇక్కడ మనవి చేస్తున్నాము.

తైపింగ్ తగరంతో పుట్టిన ఊరు. ఆ లారూత్ ప్రాంతంలో గనుల కొరకు చీనా కూలీల వర్గాలు ఏళ్ళ తరబడి పోరాడుకున్నాయి. 1874లో పాంగ్‌కోర్ ఒడంబడికతో ఆంగ్లేయుల పెత్తనం వచ్చింది, పోరాటాలు అణగినవి. తైపింగ్ అన్న చీనా మాటకు శాశ్వత శాంతి అని అర్థం. 1937లో ఇపో పట్టణానికి ఆ గౌరవం దక్కేవరకు పెరాక్ రాజధాని ఇదే.

గనులలోని తగరం పెనాంగు చేరాలంటే ముందు సముద్రం చేరాలి. బురదదారిలో బండ్లు దిగబడేవి. అందువల్ల పెరాక్ రెసిడెంటు సర్ హ్యూ లో కాలంలో తైపింగు నుండి రేవు వరకు సుమారు 13 కిలోమీటర్ల రైలుదారి వేశారు. ఈ పనికి సిలోను నుండి పయనీరు దళాలవారిని రప్పించారు. 1885 జూన్ 1న ప్రారంభమైన ఈ దారి మలయాలో మొట్టమొదటి రైలుదారి. రేవుకు గవర్నరు సర్ ఫ్రెడరిక్ వెల్డ్ పేరు పెట్టారు. దారిని తగరం కొరకే వేసినా, దానిపై మనుషులు కూడా ప్రయాణించారు.

మనవారికి ఈ రైళ్ళతో గల సంబంధం చిన్నది కాదు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాలనుండి ఓడలెక్కి వచ్చినవారిలో ఎందరో దిగువ పెరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరితోటలలో స్థిరపడ్డారు. ఆ వైపువారికి దగ్గరి రైలు తెలుక్ ఆన్సన్‌లో ఉండేది. 1893లో అక్కడికి తాపా రోడ్ నుండి శాఖాదారి వచ్చింది. పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు, చావులకు మన పెద్దలు ఆ బండిలోనే పోయేవారు. చద్దిమూట, చాప, చెంబు వెంట ఉండేవి. ఒక తోట తెలుగువారి క్షేమసమాచారం మరొక తోటకు ఆ పెట్టెలలోనే చేరేది. 1982లో ఆ ఊరి పేరు తెలుక్ ఇంతాన్ అయింది. తరువాత కొన్నేళ్ళకు ఆ శాఖ కూడా మూతపడింది. రైళ్ళు పోయి కార్లు వచ్చాక మనవారు ఎక్కడికైనా త్వరగానే చేరుతున్నారు, కాని దారిలో ఒకరినొకరు కలుసుకోవడం తగ్గిపోయింది.

ఇప్పుడు కౌలాలంపూరు నుండి తైపింగుకు విద్యుత్ రైలు నేరుగా పోతుంది. పాత స్టేషను పక్కనే కొత్తది కట్టారు. అంతకు ముందటి తొలి స్టేషను ఉన్న స్థలంలో నేడు కింగ్ ఎడ్వర్డ్ పాఠశాల ఉన్నది. ఊరు చిన్నది కనుక పిల్లలు, పెద్దలు అందరమూ నడిచే తిరిగాము. తగరం తవ్వగా మిగిలిన గుంతలే 1880 తరువాత సరోవర వనంగా మారాయి. గట్టున నూరేళ్ళు దాటిన నిద్రగన్నేరు చెట్లు దారి మీదుగా కొమ్మలు చాచి నీటిపైకి వంగి ఉన్నాయి. వాటి నీడలో కూర్చొని పులిహోర తిన్నాము. తైపింగులో వాన రానిరోజు అరుదంటారు. ఆ మధ్యాహ్నం మాకూ వాన తప్పలేదు. తొందరేమీ లేదు కనుక వాన వెలిసేవరకు పెద్దలు కబుర్లు చెప్పారు, పిల్లలు విన్నారు.

మరునాడు బస్సులో రేవుకు వెళ్ళాము. నేడు ఆ ఊరి పేరు కువాలా సెపెతాంగ్. ప్రధాన రైలుదారి పెనాంగు ఎదుటనున్న ప్రాయ్ చేరిన తరువాత ఈ రేవుకు పని తగ్గింది. ఇప్పుడిక్కడ పట్టాలు లేవు. చేపల పడవలు, బొగ్గు బట్టీలు, చుట్టూ మతాంగ్ మడ అడవులు ఉన్నాయి. గోదావరి వైపునుండి వచ్చిన కుటుంబపు ముసలమ్మగారు ఆ చెట్ల వేళ్ళను చూచి, తన తల్లి చెప్పిన కోరంగి ఇట్లాగే ఉండి ఉంటుందన్నారు.

పాత స్టేషనులో మిగిలినది ఒక పేరుపలక. దానిపై పోర్ట్ వెల్డ్ అని ఇంగ్లీషు, జావి, చీనా, తమిళ లిపులలో వ్రాసి ఉన్నది. ఆమె మనుమడిని పిలిచి, "ఒరే బాబూ, మన తెలుగేదిరా?" అని అడిగారు. అతడు పలకను పైనుండి కిందివరకు చూచి, "ఏది తెలుగో నాకు తెలియదు మామ్మా" అన్నాడు.

ఆ మాట మా అందరికీ గుచ్చుకున్నది. పలక మీద మన లిపి లేకపోవడం ఆనాటి సంగతి, దానికి మనం చేయగలిగినది లేదు. కాని ఆ పిల్లవాడికి మన అక్షరం ఆనవాలు తెలియకపోవడం మన ఇంటి సంగతి. బాగన్ దాతో తోటలలోని తెలుగు బడులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇప్పుడు ఇల్లే బడి కావాలి. తిరుగు రైలులో ఆమె మనుమడి పక్కన కూర్చొని పాత టిక్కెట్టు వెనుక అ, ఆ వ్రాయించారు. తాపా రోడ్ దాటేసరికి అతడు తన పేరు వ్రాశాడు.

సోదర సోదరీమణులారా, సెలవులలో ఒక్కసారైనా కారు మాని, పెద్దలను వెంటబెట్టుకొని ఇటువంటి చిన్న ఊళ్ళకు పిల్లలతో రైలులో వెళ్ళండి. బండిలో గంటల తరబడి చేయవలసిన పనేమీ ఉండదు. మన పెద్దల జ్ఞాపకాలు వినడానికి, నాలుగు అక్షరాలు నేర్పడానికి ఆ తీరిక చాలును.