ఇంటిపేరు లేని చిరునామా: నేటాల్ నౌకా జాబితాలు, తెలుగు వలస కుటుంబాల బంధుత్వాన్వేషణ

మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ నౌక 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. నాటి నుంచి 1911 వరకు నేటాల్ వలసరాజ్యానికి ఒప్పంద కూలీలుగా చేరిన భారతీయులు 1,52,184 మంది. వారిలో అధికులు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు. ఉత్తరార్కాటు, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు. వారి వారసులు నేడు పూర్వికుల ఊరినీ, అక్కడ మిగిలిన బంధువులనూ వెదకడానికి ప్రధానాధారం ఆనాటి నౌకా జాబితాయే.

ఈ జాబితా బంధువులను కలపడానికి పుట్టినది కాదు. కూలీని లెక్కించడానికీ, అదుపులో ఉంచడానికీ రూపొందినది. అందుచేత సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామంతో పాటు దేహంపై గుర్తులకు కూడా అందులో చోటు దక్కింది. ఇంటిపేరుకు మాత్రం ప్రత్యేక స్థానం లేదు. తెలుగు పల్లెలో మనిషి ఆనవాలు ఇంటిపేరుతోనే మొదలవుతుంది. వావివరుసలు, వియ్యాలు దానిమీదనే ఆధారపడతాయి. సముద్రానికి ఆవల నాయుడు వంటి గౌరవవాచకాలు, కొన్ని కుటుంబాలలో తండ్రి పేరు, వంశనామాలుగా స్థిరపడ్డాయి. ‘నాయుడుగారి వారసులం’ అంటూ వచ్చినవారికి ఏ గడప చూపాలో ఊరికి తోచదు.

రెండవ అవరోధం మారిన సరిహద్దులు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు పూర్వం చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తరార్కాటులోనివి. జాబితాలోని జిల్లా పేరునే నమ్మినవారు తమ ఊరిని నేటి తమిళనాడులో వెదకి నిరాశ చెందే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం 1950లో విశాఖపట్నం నుంచి విడివడింది. గంజాంలో అధికభాగం 1936లో ఒరిస్సాలో చేరింది. కనుక గ్రామనామాన్ని వలస జరిగిన నాటి తాలూకా సరిహద్దులతోనే పోల్చిచూడాలి.

ఊరు దొరికినంత మాత్రాన కుటుంబం దొరికినట్లు కాదు. ఒకే ఊరిలో, ఒకే కులంలో, ఒకే పేరుగల తండ్రులు పలువురు ఉండవచ్చు. పేరుపోలికనే ప్రమాణంగా తీసుకుంటే రెండు కుటుంబాలమీద అసత్య వంశావళిని మోపినవారమవుతాము. జాబితాలోని వివరాలు, పాత భూమి దస్తావేజులు, ‘ఓడెక్కి పోయి తిరిగిరాని’ పినతాతను గురించిన ఇంటి జ్ఞాపకం, ఈ మూడూ ఏకీభవించినప్పుడే బంధుత్వాన్ని నిర్ధారించడం యుక్తం. అంతవరకు ‘ఊరు తెలిసింది, ఇల్లు తెలియలేదు’ అని చెప్పడమే పరిశోధకుని ధర్మం.

ఈ మూడింటిలో మొదటి రెండూ కాగితాలలో కొంతకాలం నిలుస్తాయి. మూడవది వృద్ధులతోనే అంతరిస్తుంది. వలస జరిగిన తాలూకాలలో గ్రామాలవారీగా ఇంటిపేర్లనూ, వెళ్ళిపోయినవారి కథలనూ సేకరించడం తెలుగు, చరిత్ర శాఖలు ఉమ్మడిగా తక్షణం చేపట్టవలసిన పని. జాబితా వదిలివేసిన గడిని పూరించగలిగినది ఆ సేకరణ మాత్రమే.