బీథోవెన్ పరంపరలో ఒక టెక్సస్ బాలుడు

జూలై 12 అమెరికా పియానో విద్వాంసుడు వాన్ క్లైబర్న్ జన్మదినము. ఆ మిషతో పియానో విద్య కథను ఒకమారు తిరుగవేయుదము. 1700 ప్రాంతమున ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరి చిన్న సుత్తులచే తీగలను మ్రోగించు వాద్యమును నిర్మించెను. శతాబ్దము గడచిన పిమ్మట వియన్నాలో బీథోవెన్ వద్ద చెర్నీ, చెర్నీ వద్ద లిస్ట్, వృద్ధుడైన లిస్ట్ వద్ద ఆర్థర్ ఫ్రీడ్‌హైమ్ విద్య గడించిరి. ఇన్ని తరములను రెండు వాక్యములలో దాటించినందుకు పాఠకులు మన్నింతురు గాక; నా మనస్సంతయు అమెరికాలోని ఒక పాఠముల గదిలో నున్నది.

ఫ్రీడ్‌హైమ్ శిష్యురాలు రిల్డియా బీ, శ్రీవ్‌పోర్ట్ పట్టణమున పిల్లలకు పియానో నేర్పుచుండెను. ఒకనాడు శిష్యుడు వెడలిపోయిన పిదపను అదే వరుస వినవచ్చుచుండుటచే తొంగిచూడగా, పలికించుచున్నది ఆమె మూడేండ్ల కొడుకు వాన్! కాపురము టెక్సస్‌లోని కిల్గోరునకు మారినను, పదునేడవ యేట జులియార్డులో రోజీనా లెవిన్ వద్ద చేరువరకు తల్లియే వానికి గురువు. పాఠము జరుగునంతసేపు తాను తల్లిని కాననెడిదట. మీట నొక్కుటకు ముందు ప్రతి వరుసను నోట పాడవలెనని నిబంధన; గాత్రము పట్టుబడనిదే వీణ ముట్టనీయని మన గురువులు ఆమెను మెచ్చియుందురు.

1954లో వాన్‌కు లెవెంట్రిట్ సంగీత పోటీలో బహుమతి వచ్చెను. అయినను కచేరీలు క్రమముగ పలుచబడెను. అంతలో, స్పుత్నిక్ నెగురవేసిన ఉత్సాహముతో సోవియట్లు 1958లో మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీని నెలకొల్పిరి. ఇరువది మూడేండ్ల ఆ ఆరడుగుల పైబడిన యువకుడు, కొంద్రాషిన్ వాద్యబృందమును నడుపగా, చైకోవ్‌స్కీ మొదటి కన్చెర్టోను, రహ్మానినోవ్ మూడవ కన్చెర్టోను వాయించి ముగించునప్పటికి సభ లేచి నిలిచి ఎనిమిది నిమిషములు కరతాళధ్వనులు చేసెను. శత్రుదేశపు వానిని వాన్యూషా యని ముద్దుపేరుతో పిలిచిరి. న్యాయనిర్ణేతలు బెదరి సోవియట్ నాయకుడు క్రుశ్చేవు ననుమతి యడుగగా, శ్రేష్ఠుడతడే యైనచో బహుమతి నిండని ఆయన తేల్చివేసెనట. మే 20న న్యూయార్కు వీధులలో కాగితపు వాన నడుమ ఊరేగింపు. ఆ చైకోవ్‌స్కీ రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయెను.

అటుపై ఏ యూరికి పోయినను శ్రోతలకు ఆ రెండు కన్చెర్టోలే కావలసివచ్చెను. 1978లో ఆయన వేదిక విడిచెను. 1987లో సోవియట్ నాయకుడు గోర్బచేవు కొరకు శ్వేతసౌధమున మరల వాయించెను. ఆయన పేర ఫోర్ట్‌వర్త్‌లో 1962 నుండి జరుగుచున్న పోటీలో, 2022లో పదునెనిమిదేండ్ల కొరియా బాలుడు యున్‌చాన్ లిమ్ అదే రహ్మానినోవ్ వాయించి గెలిచెను. ఉక్రెయిన్ యుద్ధము కారణముగ చైకోవ్‌స్కీ పోటీని అంతర్జాతీయ సంగీత పోటీల సమాఖ్య వెలివేసినదియు ఆ సంవత్సరమే. లిమ్ గురుపరంపరను చెర్నీ దాకా లెక్కింపవలెనన్న తొందర ఎవరికిని ఉన్నట్లు తోచదు. యూట్యూబులో ఆ కచేరీని చూచినవారి లెక్క మాత్రము కోటి దాటినది.