ప్రాణము నిలిపిన బెరడు

తుమ్మచెక్క వగరు మనకు క్రొత్త గాదు. తోళ్లను పదును చేయువారు దానినే వాడుదురు. చెట్టు పురుగునుండి, బూజునుండి తన్ను కాపాడుకొనుటకు బెరడులో దాచుకొన్న పాలీఫినాలులే ఆ వగరునకు మూలము. ఇట్టివానిలో పెక్కింటికి ఆక్సీకరణమును అరికట్టు శక్తి కలదు. అందుచే వానిని యాంటీఆక్సిడెంట్లు అనుచున్నారు. ఈ పేరు నిన్నటిది. బెరడు కషాయము మిక్కిలి పాతది. అట్టి కషాయ మొకదాని కథ కెనడాలో జరిగినది.

1535లో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే సెయింట్ లారెన్స్ నది వెంట పోయి, నేటి క్వెబెక్ నగర మున్నచోట, స్టాడకోనా అను పల్లె సమీపమున చలికాలము గడపెను. నవంబరు నడుమనుండి ఏప్రిల్ నడుమ వరకు ఓడలు మంచులో చిక్కుకొనెను. ఇంతలో స్కర్వీ వ్యాధి పుట్టెను. కాళ్లు వాచెను, చిగుళ్లు కుళ్లి పండ్లు ఊడెను. ఫిబ్రవరి నాటికి 110 మందిలో పదిమందియైనను ఆరోగ్యముగా లేరు. 25 మంది మరణించిరి. ఒకని శవమును కోసి చూచిరి గాని కారణము తెలియలేదు. తమ దుర్బలత బయటపడినచో పల్లెవారు మీదపడుదురేమో యని కార్టియే భయము. అందుచే రోగులచేతనే ఓడలలో చప్పుడు చేయించి, పనిలో నున్నట్లు నటింపజేసెను!

పల్లె పెద్దయగు దొన్నకోనా కుమారుడు దొమగాయాకును మోకాలు వాచియుండెను. పది పండ్రెండు దినములలో అతడు హాయిగా నడచివచ్చుట చూచి, కార్టియే ఉపాయ మడిగెను. అదియు సేవకుని కొరకని బొంకి. దొమగాయా దాపరికము లేక చెప్పెను. ఇద్దరు స్త్రీలు కొమ్మలు తెచ్చి, బెరడును ఆకులను ఒలిచి కాచుట, రెండు దినముల కొకమారు త్రాగుట, పిప్పిని వాపుపై కట్టుట నేర్పిరి. చెట్టు పేరు అన్నెడ్డా. మొదట త్రాగుటకు జంకిన నావికులు, గుణము కనబడగానే ఎగబడి, వారము లోపలనే మహావృక్ష మొకదానిని ఊడ్చివేసిరి. అందరును కోలుకొనిరి.

ప్రత్యుపకార మేమి? 1536 మే నెలలో కార్టియే దొన్నకోనాను, దొమగాయాను, మరికొందరిని, మొత్తము పదిమందిని, పట్టుకొని ఫ్రాన్సునకు కొనిపోయెను. ఒక బాలిక తప్ప అందరును అచ్చటనే చనిపోయిరి. 1541లో మరల వచ్చినపుడు, దొన్నకోనా మరణించెనని మాత్రము చెప్పి, తక్కినవారు అచ్చట దొరలై, పెండ్లాడి సుఖముగా నున్నారని పల్లెవారిని నమ్మించ జూచెను. ఇంతకన్న నీచమైన మాట మే మా చరిత్రలో చదువలేదు.

తరువాత ఆ పల్లెయే లేకపోయెను. 1604-05 చలికాలములో షాంప్లేన్‌తో సెయింట్ క్రోయి దీవిలో దిగిన 79 మందిలో 35 మంది స్కర్వీతో చనిపోయిరి. అన్నెడ్డాను గూర్చి వాకబు చేయగా, అచ్చటివారిలో ఆ పేరెరిగినవారు లేరు. అది తూజా యని కొందరు, బాల్సమ్ ఫర్ అని కొందరు నేటికిని వాదించుచున్నారు. తూజాలో విషపదార్థము కూడ కలదు గనుక, కథ విని కషాయము పెట్టుకొనుట తగదు.

స్కర్వీని మాన్పునది సి విటమిను. అదియు యాంటీఆక్సిడెంటే. బెరడులోని వగరు పదార్థముల వంతు వచ్చుటకు 1947 దాక ఆగవలసివచ్చెను. బోర్డోలో జాక్ మాస్కెలియే వేరుశనగగింజపై ఎర్రని పొట్టును, అనగా మనము నలిపి ఊదివేయుదానినే, పరీక్షించుచు ప్రోసయనిడిన్లను వేరుచేసెను. పిమ్మట పైన్ బెరడులోను వానిని కనుగొనెను. కార్టియే మనుషులను బ్రతికించుటలో ఇవియు విటమినునకు తోడ్పడినవని ఆయన వాదము.

నేడు పైన్ బెరడు సారము మాత్రలుగా అమ్ముడుపోవుచున్నది. గాజుగొట్టములో ఆక్సీకరణము నాపినది దేహములో రోగము నాపునా? దీర్ఘవ్యాధుల విషయమున దానికి చాలిన ఆధారము లేదని 2020లో కాక్రేన్ సమీక్ష తేల్చెను.